ధర్మవరానికి పంపిన ముఖం

హిందూపురం,
జూలై 15, 2024.

చెల్లెలు కస్తూరికి,

ఫోన్ చేస్తే నా నంబరు చూసి పెట్టేస్తావు. ఉత్తరానికి ఎర్ర బటను ఉండదు గనక కవరు కొని రాస్తున్నాను. చించి పారెయ్యాలంటే పారెయ్యి. కానీ చదివి పారెయ్యి.

నిన్న, అరవై నాలుగేండ్ల వయసులో, నేను మళ్ళీ బడిలో కూర్చున్నాను. బొమ్మలు గీయడం నేర్పే బడి. పెనుకొండ బస్టాండు దగ్గర ఒక మిద్దె మీద ఉంది. నెలలో రెండో ఆదివారం, నాలుగో ఆదివారం. మొత్తం ఎనిమిది పాఠాలు. ‘ఏమీ రానివాళ్ళకు మాత్రమే’ అని బోర్డు పెట్టినారు. ఊరూరా తిరిగి నలభై ఏండ్లు పురాణం చెప్పినవాణ్ణి, ఏమీ రానివాణ్ణని ఒప్పుకొని, చెప్పులు విప్పి లోపలికి పోయినాను.

టీచరమ్మ బల్ల మీద ఇత్తడి చెంబు పెట్టి, కనపడేది గీయమనింది. నేను ముందు కాగితం తలమీద ‘శ్రీ’ అని రాసినాను. శ్రీకారం లేకుండా ఏ కాగితాన్నీ మొదలుపెట్టని చెయ్యి ఇది. తర్వాత చెంబు. మూతి పున్నమి చంద్రుడిలాగా గుండ్రంగా పెట్టినాను. టీచరమ్మ వచ్చి వెనక నిలబడింది.

“సార్, మూతి ఇంత గుండ్రంగా కనపడతాందా మీకు?”

“చెంబు మూతి గుండ్రమే కదమ్మా!”

“అది మీకు తెలిసిన సంగతి. నేనడిగేది కనపడే సంగతి. ఈడ్నుంచి చూస్తే ఎట్లుండాది?”

నేను ఊరుకుంటానా? ఈ దేహం తొమ్మిది వాకిళ్ళ పట్నం, అందులో కన్ను మోసం చేసే వాకిలి, కన్ను చెప్పేది కాదు బుద్ధి చెప్పేది నమ్మాలి అని ఎత్తుకున్నాను. అర్ధగంట లాగేవాణ్ణే. ఆమె చెంబును నా కంటి ఎత్తుకు లేపి పట్టుకుంది. మూతి ఒట్టి గీత అయిపోయింది కస్తూరీ! ఆ గుండ్రమంతా ఎక్కడ దాక్కుందో!

పక్కన శివప్రసాద్ అని, ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగిపోయిన మనిషి. “ఏం స్వామీ, టికెట్టు లేకుండా దొరికిపోయినావే!” అన్నాడు. అందరూ నవ్వినారు.

పాడైన కాగితాలు పారేద్దామంటే తలమీద శ్రీ ఉంది. మడిచి సంచీలో పెట్టుకొని ఇంటికి తెచ్చినాను. దేవుడి గూట్లో చోటు చాలక బియ్యం డబ్బా మీద పెట్టినాను. పారేసేవాళ్ళు లేరు, ఎందుకు తెచ్చినావని అడిగేవాళ్ళూ లేరు. నీ వదిన రాధ పోయి రెండేండ్లయింది. నువ్వు రాలేదు, ఆమె ఉంటే తప్పు పట్టేది కాదు, నేనూ పట్టడం లేదు.

ప్రసంగాలు కొంతకాలం ఆపినాను. విశ్రాంతి.

నీ అన్న,
ఆదెప్ప


ధర్మవరం,
ఆగస్టు 2.

అన్నకు,

ఉత్తరం చించలేదు. దానికి సంతోషపడొద్దు. మగ్గాల షెడ్డులో కండెలు చుట్టేదాన్ని, దారం తెంచితే ముడి వెయ్యాల్సింది నేనే. తెంచే అలవాటు పోయింది.

నువ్వు బొమ్మలు నేర్చుకుంటున్నావా? పద్నాలుగేండ్ల కిందట మా వీధి భజన మందిరంలో, సప్తాహం ఐదో దినం, నా బిడ్డ బొమ్మల పుస్తకం పైకెత్తి ఊరందరికీ తిప్పి తిప్పి చూపించినవాడివి నువ్వు. బట్టల్లేని మగవాణ్ణి గీసే ఆడపిల్ల ఇంటికి చేటు అని మైకులో అరిచినవాడివి. పదిహేడేండ్ల పిల్ల. అప్పటికే వాళ్ళ నాయన మంచం పట్టి ఉన్నాడు. నెల తిరక్కముందే ఆయన పోయినాడు. పదకొండో దినం కాగానే అది బ్యాగు సర్దుకొని బెంగుళూరు బస్సెక్కింది. నంబరు మార్చింది. ఎవరితో కబురు పెట్టినా జవాబు లేదు. ఆ పొద్దు నుంచి నేను దాని ముఖం చూడలేదు.

నీకివన్నీ తెలుసు. తెలిసీ నాకు చెంబు మూతి సంగతి రాస్తావు.

ఒక్కటి అడుగుతాను. అంత పెద్ద హిందూపురంలో బొమ్మల బడి లేదా? పెనుకొండకు ఎందుకు పోతాండావు?

కస్తూరి


హిందూపురం,
ఆగస్టు 12.

కస్తూరికి,

ఆ ఒక్క ప్రశ్న అడగకూడదని దేవుణ్ణి మొక్కినాను. అడగాలని కూడా మొక్కినాను. దేవుడు ఏది వినాలో తెలియక రెండూ విన్నట్టున్నాడు.

ఆ టీచరమ్మ మన మల్లిక. నీ బిడ్డ.

జూన్‌లో గోరంట్ల పక్క పల్లెలో సప్తాహానికి పోతూ పెనుకొండలో బస్సు మారినాను. గోడ మీద బొమ్మల బడి కాగితం అంటించి ఉంది, కింద మల్లిక అని. మల్లిక అనే పేరు ఎందరికో ఉంటుంది. కానీ కాగితం మూల చిన్న బొమ్మ. కండె చుట్టే ఆడమనిషి చెయ్యి. చూపుడువేలి మీద దారం కోసిన గాటు. మీ ఇంటికి వచ్చినప్పుడల్లా నాకు అన్నం పెట్టిన చెయ్యిని నేను గుర్తుపట్టనా?

ఆ పల్లెలో ఏమైందో కూడా చెబుతాను. విశ్రాంతి అని రాసింది అబద్ధం. నాలుగో దినానికి వినేవాళ్ళు ముగ్గురు మిగిలినారు. ఒకామె నిద్రపోయింది, ఒకడు మైకుసెట్టు వాడు. మూడో ఆయనకు చెవుడు. ఐదో దినం పెద్దమనుషులు వచ్చి, “స్వామీ, ఎండలు జాస్తిగా ఉండాయి, మిగిలింది మళ్ళీ ఎప్పుడన్నా చెప్పుదురులే” అని శాలువా కప్పినారు. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. ఆ పల్లెనుంచి తిరిగి వస్తూనే పెనుకొండలో దిగి, ఆ మిద్దె మెట్లు ఎక్కినాను.

మల్లిక పుస్తకంలో పేర్లు రాసుకుంటోంది. నన్ను చూసింది. పెన్ను ఒక్క క్షణం ఆగింది, అంతే.

“పేరు?”

“ఆదెప్ప.”

“వయసు?”

చెప్పినాను.

“ముందు ఎప్పుడైనా బొమ్మలు గీసినారా సార్?”

“లేదు. ఒకసారి ఒక బొమ్మల పుస్తకం చూసినాను.”

ఆమె తల ఎత్తకుండా అనింది: “చూడలేదు అని రాస్తాను.”

మామా అని పిలవలేదు. నేనూ పిలిపించుకునే మొహంతో పోలేదు. మూడు పాఠాలైనాయి. నా చెంబు ఇప్పుడు చెంబులాగే ఉంది.

ఆదెప్ప


ధర్మవరం,
ఆగస్టు 20.

అన్నా,

పెనుకొండా! రైలెక్కితే గంట లేదు కదన్నా. నేను బెంగుళూరు అనుకొని, అంత ఊర్లో యాడ వెతికేది అని ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాను. అది నా పక్కకు వచ్చి కూడా నన్ను పిలవలేదంటే ఇంకా కోపమే. కోపమైనా సరే. బతికి ఉండాది.

నా చెయ్యి గీసిందా? నిజంగా నా చెయ్యేనా? సరిగా చూసినావా?

సన్నబడిందా? జుట్టు అట్లే ఉందా, తొడల దాకా? పెండ్లి చేసుకుందా? అన్నం యాడ తింటాంది? సాయంత్రమైతే దానికి తలనొప్పి వచ్చేది, ఇప్పుడూ వస్తాందా? నవ్వుతాందా?

నీ దగ్గర పెద్ద ఫోను ఉంది కదా. పాఠం చెప్పేటప్పుడు దానికి తెలియకుండా ఒక్క ఫోటో తియ్యి. భాగ్య ఫోనుకు పంపు, నంబరు కింద రాస్తున్నాను. షెడ్డులో నా పక్కన పనిచేసే పిల్ల, ఎవరికీ చెప్పదు. ఒక్కటంటే ఒక్కటి. నా బిడ్డ ముఖం ఇప్పుడు ఎట్లుందో చూసుకోవాలి. కళ్ళు మూస్తే నాకు పదిహేడేండ్ల పిల్లే కనపడుతుంది, పోతా పోతా వెనక్కి తిరిగి చూసిన ముఖం.

నీకు దండం పెడతాను.

కస్తూరి


హిందూపురం,
ఆగస్టు 26.

కస్తూరికి,

నువ్వు దండం పెట్టినా, నేను తియ్యను. ఒకసారి ఆమెను అడగకుండా ఆమె వస్తువును నలుగురికీ చూపించినాను. రెండోసారి ఆమెనే దొంగతనంగా చూపించమంటావా? శాస్త్రంలో దొంగచూపుకు ప్రాయశ్చిత్తం రాసి ఉంది, రెండోసారి చేసినవాడికి మాత్రం రాయలేదు.

కానీ విను. ఏడో పాఠం, ఎనిమిదో పాఠం మనిషి ముఖమట. అప్పటికి నా చెయ్యి కుదిరితే, ఆమె ఒప్పుకుంటే, నేనే గీసి పంపుతాను. నిన్నటి నుంచి ఇంట్లో రోజుకు పది కాగితాలు పాడు చేస్తున్నాను. మెస్సులో అన్నం తింటూ ఎదుటివాడి ముక్కు చూస్తూ కూర్చుంటే, వాడు లేచి వేరే బల్లకు పోయినాడు.

నీ ప్రశ్నలకు జవాబు: కళ్ళద్దాలు పెట్టుకుంది. పెండ్లి సంగతి తెలియదు, అడిగే హక్కు లేదు. నవ్వుతుంది, శివప్రసాద్ మాటలకు.

ఒక్క మాట కూడా దాచకుండా రాయాలనుకున్నాను గనక ఇదీ రాస్తున్నాను. నేను అరిచింది తప్పు. పిల్లను సభలో నిలబెట్టింది తప్పు. కానీ చెప్పిన సంగతి తప్పా? పెండ్లి కాని పిల్ల, ఒంటిమీద గోచి తప్ప ఏమీ లేని ఎవడో మగ్గం కూలివాణ్ణి, పడుకున్నవాణ్ణి, వీపంతా కనపడేటట్టు గీయడం మర్యాదేనా? ఈ ముల్లు ఒక్కటి నాలో మిగిలి ఉంది. నువ్వు పెద్దమనసుతో జవాబు రాయి.

ఆదెప్ప


ధర్మవరం,
సెప్టెంబరు 3.

అన్నకు,

ఎవడో మగ్గం కూలివాడు అని రాసినావు. ఆ మాట ఎన్నిసార్లు చదివినానో. నీకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదా?

ఆ బొమ్మలో మనిషి మీ బావ.

తిమ్మయ్య. నా మొగుడు. జబ్బు ముదిరి, చొక్కా తగిలితే ఒళ్ళు మండుతుందని గోచితో చాప మీద గోడవైపు తిరిగి పడుకొని ఉండేవాడు. మల్లిక కాలేజీ నుంచి వచ్చి పక్కన కూర్చొని, ఒక చేత్తో విసనకర్ర విసురుతా, ఇంకో చేత్తో గీసేది. “నాయన ముఖం చూపించడం లేదు మా, నొప్పి మనకు కనపడకూడదని. అందుకే వీపు గీస్తాండా” అనేది. ఒక్కొక్క ఎముకా చూసి చూసి గీసింది.

ఆ వారమంతా నువ్వు మా ఇంట్లోనే అన్నం తిన్నావు. ఆ చాప పక్కనుంచే మందిరానికి పోయేవాడివి. ఆ వీపును దినమూ చూసినావన్నా.

నీ మీద కోపంతో రాయడం లేదు. నాది కూడా చెప్పాలి. ఆ పొద్దు నేను ఆడవాళ్ళలో కూర్చొని ఉన్నాను. నువ్వు పుస్తకం ఎత్తగానే గుర్తుపట్టినాను. లేచి, ‘అది నా మొగుడు, గీసింది నా బిడ్డ’ అంటే అయిపోయేది. ఊరంతా ఉంది. చెప్తాండేది నా అన్న. నేను కొంగు తలమీదికి లాక్కున్నాను. మల్లిక లేచి వచ్చి నీ చేతిలోనుంచి పుస్తకం తీసుకొని పోతా, నిన్ను చూడలేదు. నన్ను చూసింది.

నీ వల్లే బిడ్డ పోయిందని ఇన్నేండ్లు అందరికీ చెప్పుకున్నాను. అట్లా చెప్పుకుంటే నిద్రపట్టేది.

కస్తూరి


హిందూపురం,
సెప్టెంబరు 9.

కస్తూరికి,

నీ ఉత్తరం చదివి మూడు దినాలు తలుపు తియ్యలేదు. వినాయక చవితికి పక్కింటివాళ్ళు ఉండ్రాళ్ళు తెచ్చి, పిలిచి పిలిచి గడప మీద పెట్టి పోయినారు.

నలభై ఏండ్లు ఒకే కథతో బతికినాను. స్తంభంలో దేవుణ్ణి చూసిన బిడ్డ కథ, చూడలేక గద ఎత్తిన రాజు కథ. కదిరి తేరు దినాన ఎండలో నిలబడి చెబితే జనం కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఆ రాజును ఎన్ని తిట్లు తిట్టినానో! ఆ గద నా చేతిలోనే ఉందని ఒక్కనాడు తోచలేదు. నా బావ వీపును దాటుకొని పోయి, ఆ వీపునే పాపమని ఊరికి చూపించినాను. వినాశకాలమంటే ఏదో పైనుంచి పడుతుందని చెప్పేవాణ్ణి. అన్నం తిని చెయ్యి కడుక్కొని నడిచి వస్తుంది.

నిన్న పాఠానికి పోయినాను. నలుగురిలో చేసిన పాపం నలుగురిలోనే కడుక్కోవాలని శాస్త్రం. పాఠం మొదలుకాకముందే లేచి నిలబడినాను. నోట్లోనుంచి “సభకు నమస్కారం” అని వచ్చింది. పాడు అలవాటు! శివప్రసాద్ పకాలున నవ్వినాడు. మల్లిక నవ్వలేదు.

“సార్, ఈడ మైకు లేదు. కూర్చోండి.”

“అమ్మా, నేను నలుగురి ముందర చెప్పాల్సింది ఒకటి...”

“మీరు చెప్పేది ఒకసారి విన్నాం. చాలు. చూసేది నేర్చుకోను వచ్చినారు కదా, చూడండి.”

గొంతు పెంచలేదు. కోపం కూడా కాదు. కోపమైతే నేను తట్టుకునేవాణ్ణి. కూర్చున్నాను.

నిన్నటి పాఠం మనిషి వీపు. శివప్రసాద్‌ను కిటికీ వైపు, కొండకు ఎదురుగా కూర్చోబెట్టింది. ఆ పాఠం ముందే అనుకున్నదో, నాకోసం పెట్టిందో తెలియదు. మూడు గంటలు చూసినాను. ఎడమ భుజం కుడిదానికంటే కిందికి ఉంది. టికెట్ల సంచీ మోసిన భుజం అనుకుంటాను. ఎప్పుడూ నవ్వించే మనిషి వెనకనుంచి ఎంత అలసిపోయి ఉన్నాడో! నేను గీస్తూ ఏడుస్తుంటే కాగితం తడిసింది. మల్లిక వచ్చి చూసి, ఇంకో కాగితం నా ముందు పెట్టి పోయింది.

ఆదెప్ప


హిందూపురం,
అక్టోబరు 28.

కస్తూరికి,

ఈ ఉత్తరంతో రెండు అట్టల మధ్య ఒక బొమ్మ ఉంది. తొందరపడి కవరు కత్తిరించకు, అంచు తెగుతుంది.

జరిగినది జరిగినట్టు రాస్తాను. దసరా మర్నాడు ఏడో పాఠం. ముఖం. కుర్చీలో ఆమే కూర్చుంటానంది. నేను దగ్గరికి పోయి, ఎవరికీ వినపడకుండా అడిగినాను.

“అమ్మా, ఈ బొమ్మ ధర్మవరం పంపొచ్చునా?”

పెన్సిలు చెక్కుతోంది. ఆపలేదు. చెక్కుతూనే, “ముందు గీయండి సార్. నా పోలిక రాకుంటే ఎవరికి పంపినా ఒకటే” అనింది.

గీసినాను. బాగా వచ్చిందనుకున్నాను, కస్తూరీ. గర్వపడినాను కూడా. ఆమె కుర్చీ దిగి వచ్చి చూసింది.

“ఈ పిల్ల ఎవురు సార్?”

“నువ్వేనమ్మా.”

“నాకు రెండు జడలుండాయా? బుగ్గలు ఇట్లుండాయా? మీరు గుర్తుండేది గీసినారు. ఎదురుగా కూర్చుంది నేను.”

తిరిగి చూస్తే నిజంగా అది ఆనాటి పిల్ల. ఎదురుగా మూడు గంటలు మనిషిని పెట్టుకొని మళ్ళీ చూడలేదు నేను!

నిన్న ఎనిమిదో పాఠం, ఆఖరిది. వచ్చే నెల రెండో ఆదివారం నుంచి కొత్తవాళ్ళకట. ఆమె మళ్ళీ కూర్చుంది. మిగతావాళ్ళు రెండో బొమ్మ వద్దని రంగులు కలుపుకుంటూ ఉన్నారు. నేనొక్కణ్ణే గీసినాను. మూడు గంటలు నోరు తెరవలేదు. ముక్కు మీద కళ్ళద్దాలు నొక్కిన గుంట. కనుబొమల మధ్య నిలువు గీత. చెవుల దాకా కత్తిరించిన జుట్టు, అందులో అక్కడక్కడ నెరసిన వెంట్రుకలు. ముప్పై ఒకటికే. కింది పెదవి పంటితో పట్టుకునే అలవాటు. కళ్ళు నావైపు పెట్టలేదు, కిటికీవైపే ఉంచింది. నేనూ అట్లే గీసినాను. ఉన్నది ఉన్నట్టు.

చూసి అనింది: “కుడి కన్ను కొంచెం కిందికి పడింది. మిగతాది సరే.” తర్వాత, “పంపుకోండి.”

అంతే. మెట్లు దిగుతూ, ఇప్పుడైనా వెనకనుంచి మామా అని వినపడుతుందేమో అని ఒక్కొక్క మెట్టు మీదా ఆగినాను. “మోకాళ్ళ నొప్పులా స్వామీ?” అన్నాడు శివప్రసాద్. అవునన్నాను.

ఆదెప్ప


ధర్మవరం,
నవంబరు 9, శనివారం.

అన్నా,

బొమ్మ అందింది. మడత పడలేదు.

నేను గుర్తుపట్టలేదు. పోస్టులో మారిపోయిందా అని కవరు మీద పేరు చూసినాను. ఎవరో కళ్ళద్దాల టీచరమ్మ. ఇన్నేండ్లు నేను కాచుకున్నది ఈమె కోసం కాదు. ఆ మొదటిది పంపన్నా, రెండు జడల పిల్లది, నాకదే కావాలి అని నీకు ఉత్తరం కూడా రాసినాను. పోస్టు డబ్బా దాకా పోయి వెనక్కి తెచ్చుకున్నాను. ఆ పిల్ల నన్ను చూసినప్పుడు నేను కొంగు కప్పుకున్నాను. ఇప్పుడు ఆ బొమ్మను తెప్పించుకొని ఆ పిల్లకు ఏ ముఖం చూపించేది?

బొమ్మను షెడ్డుకు తీసుకుపోయి రాట్నం పక్కన గోడకు ఆనించి పెట్టుకున్నాను. కండెలు చుడుతూ నాలుగు దినాలు చూసినాను. ఐదో దినం దవడ కనపడింది. నీకు తెలియకుండానే గీసినట్టున్నావు. మీ బావది. నొప్పి పైకి రాకుండా అట్లే బిగించేవాడు.

అప్పుడే భాగ్య వచ్చింది.

“ఎవురక్కా ఈమె? ఏ ఆఫీసరమ్మ?”

షెడ్డులో అందరూ ఉన్నారు, ఆ పొద్దు మందిరంలో ఉన్నవాళ్ళు కూడా నలుగురైదుగురు ఉన్నారు. నా చెయ్యి కొంగు మీదికి పోయింది. దించుకున్నాను.

“నా బిడ్డ.”

మగ్గాల మోతలో దానికి వినపడలేదు. “ఏమీ?” అనింది.

“నా బిడ్డ మల్లిక! మందిరంలో చూపించింది వాళ్ళ నాయన బొమ్మే! నా మొగుడిది! జబ్బులో పడుకొని ఉంటే గీసింది!”

ఎంత గట్టిగా అరిచినానో నాకే తెలియదు. రెండు మగ్గాలు ఆగినాయి. చంద్రప్ప అని, ఆ పొద్దు ముందు కూర్చున్నవాడే, తల గోక్కుంటా, “మాకేం తెలుసుక్కా, అప్పుడే చెప్పింటే అయిపోయేదే” అన్నాడు. భాగ్య బొమ్మ దగ్గరికి వంగి, “పోలిక ఉండాదిలే, దవడ కాడ” అనింది. మగ్గాలు మళ్ళీ ఆడినాయి.

అంతే అన్నా. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అప్పుడు చెప్పినా ఏమీ అనేవాళ్ళు కాదు. పద్నాలుగేండ్లు దేనికి భయపడినానో చూద్దామంటే అక్కడ ఏమీ లేదు.

ఈ సంగతి నువ్వు మల్లికకు చెప్పొద్దు. నీ నోట పడితే ప్రసంగమవుతుంది. రాసి కూడా పంపొద్దు. అది నన్ను చూసి పోయింది, నేను దాన్ని చూసి చెప్పాలి.

నిన్న స్టేషనుకు పోయినాను. మొన్న కూడా పోయినాను. నిన్న పెనుకొండకు టికెట్టు తీసుకున్నాను. బండి వచ్చింది, నా ముందరే ఆగింది. ఎక్కేవాళ్ళు ఎక్కినారు. బండి పోయినాక బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చున్నాను. టీ అమ్మే ఆమె, “ఎవరి కోసమమ్మా చూస్తాండేది?” అని అడిగింది.

రేపు రెండో ఆదివారం. మళ్ళీ పోతాను.

కస్తూరి